ఖాళీ క్రేటుకు ఎనిమిది మీటర్లు, కాయ నింపితే ఒకటి

పోయిన ఏడు జూన్ మొదటి వారం. దామలచెరువు మామిడి మండీలో రేకుల షెడ్డు మధ్యాహ్నపు ఎండకు కాగిపోతోంది. నేనూ నా స్టూడెంట్లు ఇద్దరూ సిమెంటు గచ్చు మీద సుద్దముక్కతో మీటరుకొక గీత గీశాం. సున్నా గీత దగ్గర స్టాండుకు రీడర్ (ట్యాగుల నంబర్లు చదివే యంత్రం) యాంటెన్నా బిగించాం. ఖాళీ ప్లాస్టిక్ క్రేటుకు కాగితమంత పలుచని రేడియో ట్యాగు అంటించి ఒక్కో గీతే వెనక్కి జరుపుతూ పోయాం. ఎనిమిదో గీత దాకా ల్యాప్‌టాప్‌లో దాని నంబరు ఆగకుండా వస్తూనే ఉంది. తర్వాత అదే క్రేటు నిండా బేనీషా కాయలు పోశాం. మూడో గీత మీద నంబరు లేదు. రెండో గీత మీదా లేదు. మొదటి గీత మీదికి తెచ్చి క్రేటును అటూ ఇటూ తిప్పితే వచ్చింది, అదీ ఆగి ఆగి.

మండీ మామ తక్కెడ దగ్గర నుంచి లేచి వచ్చాడు. వరసకు మామే. మా నాయన ముప్పై ఏళ్లుగా కాయలు ఆయన మండీకే తోలతాడు. "ఏం పాపా, ట్యాగులమ్మినోళ్ల కాగితంలో ఇరవై మీటర్లని రాసుండె గదా? మనకు లెక్క గావాల్సింది కాయుండే క్రేటే గదా?" అన్నాడు. నేను జవాబు వెతుక్కునే లోపు ఆయనే దారి చూపించాడు. "బలం చాలకుంటే పెద్ద మిషన్ తెప్పిద్దాం. డబ్బు సంగతి నేను జూసుకుంటా."

ఆయన బాధ నాకు తెలుసు. సీజన్ మొదట్లో రైతులకు క్రేట్లిస్తారు. కొన్ని తోటల్లోనే ఉండిపోతాయి, కొన్ని లారీతో పాటు మద్రాసు పోయి అక్కడే నిలిచిపోతాయి. గేటు దాటిన ప్రతి క్రేటు నంబరూ దానంతటదే నమోదైతే ఎవరి దగ్గర ఎన్ని ఉన్నాయో తెలుస్తుంది, తగాదాలు తగ్గుతాయి. తిరుపతిలో ఇంజినీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెప్పే నన్ను ఆయన అడిగింది ఈ ఒక్క సాయమే. కానీ పెద్ద మిషన్ తెప్పిస్తే పని అవుతుందన్న మాట ఆయన ఒక్కడిది కాదు. ట్యాగులు అమ్మేవాళ్లు అంటారు, కొనేవాళ్లు అంటారు, మా ఫైనలియర్ ప్రాజెక్టు రిపోర్టుల్లోనూ అదే రాస్తారు. అది తప్పని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఎందుకు తప్పో మామకు ఆ రోజు సరిగా చెప్పలేకపోయాను. ఇక్కడ చెబుతాను.

ముందు ట్యాగంటే ఏమిటో చూద్దాం. చిన్నప్పుడు అద్దం ముక్కతో ఎండను పట్టి ఎదురింటి గోడ మీదికి కొట్టని పిల్లలుండరు. అద్దం దగ్గర సొంత వెలుగు లేదు, సూర్యుడిదే. చేత్తో అద్దాన్ని మూస్తూ తెరుస్తూ ఉంటే గోడ మీద వెలుగు ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. దూరంగా ఉన్న స్నేహితుడికి ఆ మినుకులతో కబురు కూడా పంపొచ్చు. బ్యాటరీ లేని ట్యాగు చేసే పని అచ్చంగా ఇదే. రీడర్ అలలు పంపుతుంది. ట్యాగులో ఆవగింజ కంటే చిన్న చిప్పు తన యాంటెన్నాను ఒక క్షణం అలను మింగేలా, మరుక్షణం వెనక్కి కొట్టేలా మారుస్తూ ఉంటుంది. ఆ మార్పులోనే నంబరు ఉంటుంది. ట్యాగు సొంతంగా ఒక్క అలను కూడా పుట్టించదు.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1945లో మాస్కోలో అమెరికా రాయబారికి సోవియట్ పిల్లలు కానుకగా ఇచ్చిన చెక్క రాజముద్రలో సోవియట్ ఇంజినీరు లియోన్ థెరెమిన్ చేసిన ఇలాంటి పరికరమే దాగి ఉంది. బయటి నుంచి రేడియో అలలు కొడితే గదిలో మాటలను మోసుకొని అవి తిరిగి వెళ్లేవి. బ్యాటరీ లేదు, తీగ లేదు. 1952 దాకా ఎవరికీ దొరకలేదు. 1948లో హ్యారీ స్టాక్‌మన్ తిప్పికొట్టిన శక్తితో కబురు పంపడం గురించి మొదటి పరిశోధన వ్యాసం ప్రచురించాడు. ఇంకా తేలాల్సిన సమస్యలు చాలా ఉన్నాయని అందులోనే ఒప్పుకున్నాడు. వాటిలో దూరం సమస్య ఇంకా మన మండీలోనే కూర్చుని ఉంది.

రేంజ్ అని మనం ఒకే మాట వాడతాం గానీ ట్యాగుకు దూరాలు రెండు. ఎంత దూరం దాకా దాని చిప్పుకు బతకడానికి సరిపడా శక్తి అందుతుందన్నది ఒకటి. దాన్ని నేను ఆకలి దూరం అంటాను. అది తిప్పికొట్టిన అల ఎంత దూరం దాకా రీడర్ చెవికి ఆనుతుందన్నది రెండోది, వినికిడి దూరం. ఈ రెండింటినీ కలిపి మాట్లాడటం వల్లే గందరగోళమంతా వచ్చింది.

లెక్క చూడండి. మన దేశంలో 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న పట్టీని ఈ పనికి లైసెన్సు లేకుండా వాడుకోవచ్చని 2005లో కేంద్రం అనుమతిచ్చింది. ట్రాన్స్‌మిటర్ నుంచి 1 వాటు, యాంటెన్నా ఒక దిక్కుకే గురిపెట్టడం వల్ల కలిసొచ్చే బలంతో కలిపి 4 వాట్లు, అంతకు మించకూడదు. ఆ 4 వాట్లతో కొడితే అడ్డేమీ లేని చోట 10 మీటర్ల దూరంలో ట్యాగుకు అందేది సుమారు 50 మైక్రోవాట్లు. మంచి చిప్పులకు ఇప్పుడు 10 మైక్రోవాట్ల లోపే చాలు. 20 మీటర్ల దగ్గర పన్నెండు చిల్లర అందుతుంది, కాబట్టి ఆ కాగితంలో రాసిన ఇరవై మీటర్లు అబద్ధం కాదు. బయలు మైదానంలో, ట్యాగు యాంటెన్నాకు సరిగ్గా ముఖం పెట్టి నిలబడితే వచ్చే దూరం అది. మైదానాన్ని మండీకి అమ్మడమే తప్పు.

మామ చెప్పినట్టు బలం పెంచామనుకుందాం. దూరం రెట్టింపు కావాలంటే ట్యాగుకు పంపే శక్తి నాలుగు రెట్లు కావాలి. 4 వాట్లున్న చోట 16 వాట్లు. చట్టం ఒప్పుకోదు, పక్కన అదే పట్టీలో నడిచే పరికరాల నోరు నొక్కినట్టూ అవుతుంది. పోనీ అంతా చేసినా, నిండు క్రేటు మీద ఒక మీటరు రెండు మీటర్లవుతుంది, అంతే. ఎనిమిది మీటర్లను ఒకటిగా చేసిన కారణం ఎక్కడో ఉంది కదా, దాన్ని వదిలేసి ఆంప్లిఫయర్ కొనడం నాకు అర్థం కాదు.

ఆ కారణం కాయలో ఉంది. మామిడికాయలో ఎక్కువ భాగం నీళ్లే. నీళ్లకు రేడియో అలను బిగపట్టి కుదించే గుణం గాలి కంటే చాలా ఎక్కువ. ట్యాగు యాంటెన్నాను గాలిలో మోగేలా కొలిచి కోస్తారు. దాని వెనక వేలెడు దూరంలో ఇరవై కిలోల నీళ్లు నిలబెడితే, తంబురా తీగను వేలితో అదిమినట్టు శ్రుతి కిందికి జారిపోతుంది. 866 దగ్గర మోగాల్సింది ఇంకెక్కడో మోగుతుంది. అందిన కాస్త శక్తి కూడా చిప్పులోకి పోకుండా కాయలోకి ఇంకిపోతుంది. పాలక్యాన్ల మీద, తడిసిన పశువు చెవి దగ్గర, మనిషి ఒంటికి ఆనుకున్న కార్డు మీద జరిగేదీ ఇదే.

దీనికి మందు చవకైనది. మరుసటి రోజు తిరుపతిలో చెప్పులు కుట్టే సామాన్ల అంగట్లో ఫోమ్ షీటు కొన్నాం. రెండు సెంటీమీటర్ల మందం వచ్చేలా ముక్కలు పేర్చి, క్రేటు పై అంచు బయటికి పొడుచుకొచ్చే చోట, కాయకు వీలైనంత దూరంగా, ట్యాగును దాని మీద అంటించాం. నిండు క్రేటు నాలుగో గీత దాకా చదివింది. ఒక్క మైక్రోవాటు కూడా అదనంగా ఖర్చు పెట్టలేదు. కాలేజీలో తర్వాత రెండు నెలలు రాగి టేపుతో యాంటెన్నాలు కోస్తూ, వెనక కాయలున్నప్పుడే శ్రుతి కుదిరేలా పొడవు తగ్గించుకుంటూ వచ్చాం. అలా కోసిన ట్యాగు ఖాళీ క్రేటు మీద కంటే నిండు క్రేటు మీద బాగా చదువుతుంది. మామకు కావాల్సింది అదే. చేసిన పనంతా కత్తెరతో, ఓపికతో. ఇలాంటి పని మన ఊళ్లలో చేయాలి. చిత్తూరు మామిడికి తగ్గ ట్యాగును ఎక్కడో చలి దేశంలో కూర్చుని అట్టపెట్టె మీద పరీక్షించేవాళ్లు తయారు చేయరు.

చిప్పు ఆకలి తగ్గించడానికి ఇంకో మంచి ఉపాయం ఉంది. చిప్పులో అలను కరెంటుగా మార్చే డయోడ్లు కొంత వోల్టేజి దాటితే గానీ తలుపు తెరవవు. సన్నగా, ఒకే తీరుగా వచ్చే అల ఆ గడప దాటలేక తచ్చాడుతుంది. అదే సగటు శక్తిని నాలుగైదు దగ్గరి ఫ్రీక్వెన్సీలుగా విడగొట్టి పంపితే అవన్నీ కలిసిన క్షణాల్లో అల ఎత్తుగా లేస్తుంది, డయోడు తెరుచుకుంటుంది. చేనుకు సన్న ధారగా వదిలిన నీళ్లు కాలువలోనే ఇంకిపోతాయి, కాసేపు కట్టి ఒక్కసారి వదిలితే చివరి మడి దాకా పారతాయి. మా ల్యాబ్‌లో బల్ల మీద ఇది పనిచేస్తుండగా చూశాను. బజారులో దొరికే రీడర్లలో మాత్రం దీనికి మీట ఉండదు.

ఇక వినికిడి. ఇక్కడ నాకు గాదంకి గుర్తొస్తుంది.

తిరుపతి నుంచి పాకాల పోయేటప్పుడు గాదంకి దాటుతాం. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో పెద్ద రాడార్ ఉంది. ఎమ్మెస్టీ రాడార్ అంటారు. స్కూల్లో చదివే రోజుల్లో మా సైన్సు సారు మమ్మల్ని తీసుకెళ్లాడు. గుండ్రంగా తిరిగే పెద్ద గిన్నె ఉంటుందనుకుని పోతే, 130 మీటర్లు పొడవు, 130 మీటర్లు వెడల్పు ఉన్న నేల నిండా పాతకాలపు టీవీ యాంటెన్నాల లాంటివి వరసలు వరసలుగా ఆకాశంలోకి నిటారుగా చూస్తూ ఉన్నాయి. వరసకు 32, వరసలు 32. మొత్తం 1024. కంది చేను లాగా ఉందని మా పక్క పిల్ల అనింది. ఆ మాట నాకిప్పటికీ గుర్తుంది.

ఆ రాడార్ 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. మేం చూసిన రోజుల్లో ఒక్కో తాకిడికి గరిష్ఠంగా 2.5 మెగావాట్ల బలం ఉండేది. అది వెతికేది విమానాన్నో, మబ్బునో కాదు, ఖాళీ గాలిని. గాలిలో సుడులు లేస్తున్నప్పుడు తేమ, వేడి అక్కడక్కడా ఎక్కువ తక్కువలవుతాయి. అందులో మూడు మీటర్లకు కాస్త తక్కువ ఎడంలో ఉన్న తేడాలు ఆ అలను ఇసుమంత వెనక్కి కొడతాయి. ఆ ఇసుమంతతో పైన గాలి ఎటు, ఎంత వేగంతో వీస్తోందో చెబుతారు. గాలే అక్కడ ట్యాగు.

అంత బలం ఉంది కాబట్టే వినగలుగుతోందని మామ అనొచ్చు. బలమొక్కటే ఉంటే ఆ మెగావాట్లు ఆకాశంలో కలిసిపోయేవి. తిరిగొచ్చే అల చుట్టూ ఉన్న రొద కంటే చాలా సన్నగా ఉంటుంది. ఆ రాడార్ తాకిడిని ఉత్తగా పంపదు. ముందు తనకు తెలిసిన ఒక వరసలో అలను తిరగేస్తూ మరగేస్తూ సంకేతం పొదిగి పంపుతుంది. వచ్చిన దాన్ని ఆ వరసతో సరిపోల్చి చూసుకుంటుంది. వందల తాకిడుల జవాబులను ఒకదాని మీద ఒకటి పేరుస్తుంది. రొద ఒక్కోసారి ఒక్కో తీరుగా ఉంటుంది కాబట్టి కలిపే కొద్దీ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. జవాబు మాత్రం ప్రతిసారీ అదే తీరులో ఉంటుంది కాబట్టి కుప్ప పెరుగుతుంది. వినికిడి దూరాన్ని కాలంతో కొనుక్కోవడం అంటే ఇదే. మన ట్యాగు రీడర్లలోనూ దీని పసి రూపం ఉంది. మిల్లర్-8 అనే సెట్టింగు పెడితే ట్యాగు ఒక్కో బిట్టునూ ఎనిమిది ఆవృత్తుల్లో సాగదీసి చెబుతుంది. నెమ్మదిగా చదువుతుంది, కానీ రొదలోనూ చదువుతుంది. మండీలో మొదటి రోజు మేం దాన్ని వాడలేదు. వేగం కోసం అన్నిటికంటే చురుకైన సెట్టింగులో ఉంచేశాం. అది మా పొరపాటే.

గాదంకి రాడార్‌కు ఉన్న ఒక వెసులుబాటు మాత్రం మన రీడర్‌కు లేదు. 100 కిలోమీటర్ల పైనుంచి జవాబు రావడానికి సెకనులో పదిహేను వందల వంతు పడుతుంది. ఆ లోపు రాడార్ నోరు మూసుకుని చెవి తెరుస్తుంది. పది మీటర్ల దూరంలోని ట్యాగు నుంచి జవాబు 67 నానోసెకన్లలో వచ్చేస్తుంది. పైగా రీడర్ అలను ఆపితే ట్యాగు ఆకలితో చచ్చిపోతుంది. కాబట్టి రీడర్ అరుస్తూనే వినాలి. అది పంపే 1 వాటులో నూటికి ఒక వంతు తన చెవిలోకే కారినా 10 మిల్లీవాట్లు. పది మీటర్ల నుంచి ట్యాగు జవాబు ఒక నానోవాటు కూడా ఉండదు. కారిన గోల జవాబు కంటే కోటి రెట్లకు పైనే. ఇప్పుడు నోటి బలం పెంచితే ఆ గోల కూడా అంతే పెరుగుతుంది. పెద్ద మిషన్ వద్దని నేననడానికి అసలు కారణం ఇదే.

కొందరు ఇంజినీర్లు ఈ ముడిని చాలా అందంగా విప్పారు. ఒక రకం ట్యాగులో చిప్పే ఉండదు, స్ఫటికం ముక్క ఉంటుంది. వచ్చిన అల దాని ఉపరితలం మీద ధ్వనిగా మారి, వెలుగు కంటే దాదాపు లక్ష వంతుల నెమ్మదిగా నడిచి, గీతలకు తగిలి తిరిగొస్తుంది. ఆ ఆలస్యంలో గోడల ప్రతిధ్వనులన్నీ చల్లారిపోతాయి, రీడర్ ఆగి వినగలదు. మంచుకొండల్లో హిమపాతం కింద చిక్కుకున్నవాళ్లను వెతకడానికి బట్టల్లో కుట్టే రిఫ్లెక్టరుది ఇంకో దారి. అందులోని డయోడు వచ్చిన ఫ్రీక్వెన్సీని రెట్టింపు చేసి తిప్పికొడుతుంది. రాయీ మంచూ అలా చేయలేవు కాబట్టి రెట్టింపు శ్రుతిలో వినపడిందంటే అది మనిషే.

పత్రికల్లో అప్పుడప్పుడూ బ్యాటరీ లేని ట్యాగు కిలోమీటర్లు మాట్లాడిందని వస్తుంది. అవి చదివేటప్పుడు ఆ రెండు దూరాల్లో ఏదో అడగండి. 2013లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో శ్యామ్ గొల్లకోట, జాషువా స్మిత్ బృందం ఊళ్లో ఎలాగూ ఉన్న టీవీ అలలనే తిప్పికొడుతూ రెండు పరికరాలు మాట్లాడుకునేలా చేసింది. దూరం రెండున్నర అడుగులు. నాలుగేళ్ల తర్వాత అదే విశ్వవిద్యాలయం నుంచి లోరా అనే, తక్కువ శక్తితో చాలా దూరం కబురు పంపే రేడియో పద్ధతిలో తిప్పికొట్టే ట్యాగు వచ్చింది. అలలు పంపే యంత్రం ట్యాగు పక్కనే ఉంటే 2.8 కిలోమీటర్ల దూరం నుంచి విన్నారు. జార్జియా టెక్‌లో టన్నెల్ డయోడును వాడి, అందిన అలను పెద్దది చేసి తిప్పికొట్టే ట్యాగును కిలోమీటరు దాటించారు. లియో ఎసాకికి 1973లో నోబెల్ తెచ్చిన పరిశోధన ఆ డయోడుదే. ఇవన్నీ నిజమైన విజయాలు. కానీ అన్నీ వినికిడి దూరాలు. ఆ ట్యాగులు మైక్రోవాట్లతోనే గడుపుకుంటాయి, కానీ ఆ కాస్త శక్తి కూడా కిలోమీటరు అవతలి నుంచి అందదు. చిన్న బ్యాటరీయో, సోలార్ ముక్కో పక్కన ఉండాలి. బ్యాటరీ పెడితే ఏం పోయిందని అడిగారు మా కాలేజీలో. లారీకి పెట్టొచ్చు. ఎండలో, వానలో, కాయ రసంలో నానుతూ విసిరేసినట్టు పడే వేల క్రేట్లకు బ్యాటరీలు పెట్టి, ఏడాదికోసారి వాటిని ఎవరు మారుస్తారు, పాతవి ఏ చెరువు గట్టున పడేస్తారు?

దూరం ఎప్పుడూ మంచిదేనని కూడా నేననను. 2025 ఆగస్టు 15 నుంచి కొండకు పోయే బండ్లకు అలిపిరిలో ఫాస్టాగ్ తప్పనిసరి చేశారు. అదీ ఇదే పట్టీలో, ఇదే పద్ధతిలో పనిచేసే ట్యాగు. అక్కడ వరసలు పక్కపక్కనే ఉంటాయి. రీడర్ ఇరవై మీటర్లు చదివితే పక్క వరసలో నిలబడిన కారు డబ్బు తెగుతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. మన జేబులో, సంచిలో ఉన్న ట్యాగును దారిన పోయేవాడు దూరం నుంచి చదవగలిగితే మనం ఎక్కడికి పోతున్నామో వాడికి తెలిసిపోతుంది. ఈ ట్యాగులు పాటించే ప్రమాణంలో ట్యాగును శాశ్వతంగా చంపేసే రహస్య సంఖ్యకు చోటుంది. వస్తువు కొన్నవాడి చేతికి వెళ్లేటప్పుడు దాన్ని వాడాలి. క్రేటుకు దూరం కావాలి, మనిషికి వద్దు. ఈ తేడా చెప్పకుండా రేంజ్ గురించి పాఠం చెప్పకూడదని నేను మా క్లాసులో నియమం పెట్టుకున్నాను.

ఈ ఏడు సీజన్లో మామ మండీలో రెండు దూరాలనూ విడదీశాం. తినిపించే యాంటెన్నాలు గేటు స్తంభాలకు చెరొకటి, ట్రాక్టరు దూరేంత ఎడంలో పెట్టాం. ఏ క్రేటూ వాటికి రెండు మీటర్లకు మించి దూరం పోదు. వినే చెవిని ముప్పై మీటర్ల అవతల ఆఫీసు గది కిటికీలో పెట్టాం. అక్కడిదాకా వచ్చేసరికి గేటు దగ్గరి గోల నీరసిస్తుంది, మిగిలిన దాన్ని సాఫ్ట్‌వేర్ తీసేస్తుంది. బలం చట్టం చెప్పినంతే. మొదటి ట్రాక్టరు నలభై క్రేట్లతో వచ్చింది, రెండు వరసలుగా పేర్చి. ల్యాప్‌టాప్‌లో ముప్పై మూడు నంబర్లు పడ్డాయి.

మిగతా ఏడింటి కోసం నేను మళ్లీ లెక్కలు తీస్తుంటే హమాలీ ఒకాయన ట్రాలీ ఎక్కి చూసి పిలిచాడు. ఆ ఏడు క్రేట్లలోనూ ట్యాగు లోపలి వైపుకు తిరిగి ఉంది, ఎదురుగా ఇంకో క్రేటు కాయలు. "ఏ పక్క బయటికి పెట్టాల్నో మాకు చెప్పనే లేదు గదమ్మా" అన్నాడు. నిజమే, చెప్పలేదు. మామ అంగటికి మనిషిని పంపి ఎర్ర రంగు డబ్బా తెప్పించాడు. సాయంత్రం దాకా ట్యాగున్న వైపున ఒక్కో క్రేటుకూ ఒక పట్టీ పూశాం.